చక్రం ఊడితే రోడ్డును తిట్టకండి

మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో కారు చక్రం స్టడ్డు విరిగిందంటే చెప్పుకోవడానికి నాలుగు కారణాలు సిద్ధంగా ఉంటాయి. రోడ్డు బాగాలేదు. బండి పాతది. ఈ కాలపు ఇనుములో సత్తువ లేదు. దిష్టి తగిలింది. వీటిలో చివరిదే నయం. దానికి నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ కట్టుకొనే వైద్యమైనా ఉంది. మొదటి మూడింటికి అదీ లేదు. ఆ మాటలు అనేసి, విరిగిన ముక్కను మురుగుకాలవలోకి విసిరేసి, కొత్త స్టడ్డు వేయించుకొని, అదే దారిన అదే వేగంతో వెళ్ళిపోతాం. ఆ విసిరేసిన ముక్కలోనే జవాబు ఉన్నదనీ, దాన్ని చూడకుండా పారవేయడం అజ్ఞానం మాత్రమే కాక అపరాధమనీ చెప్పడానికే ఈ టపా.

ఇతరులను తప్పుపట్టేముందు నా తప్పు చెప్పుకోవడం మర్యాద గనుక అక్కడ మొదలుపెడతాను.

మా ఇంట్లో ఒక అంబాసిడర్ ఉంది. మార్క్ ఫోర్, 1984 నాటిది. పత్తి బాగా పండిన ఏడాది నాన్నగారు కొన్నది. ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారుకు మనదేశపు రూపమే అంబాసిడర్. బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారంలో 1950ల చివర మొదలైన దాని తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్ వాహనమని 2021లో కేంద్రప్రభుత్వం నిబంధన తెచ్చింది గనుక చట్టం దృష్టిలో మాది ఇంకా ఆ పీట ఎక్కలేదు. మాకు మాత్రం అది ఇంటిపెద్ద.

ఒక సంక్రాంతికి ముందు ఆ ఇంటిపెద్దకు రంగు వేయించాం. ఒంటికే కాదు, చక్రాలకు కూడా. పాత రంగు గీకించకుండా దానిమీదనే మందంగా రెండు పూతలు. చక్రాల మధ్య కొత్త క్రోము గిన్నెలు. నెల తిరగకుండానే ఎడమవైపు వెనకచక్రానికి ఒక స్టడ్డు విరిగింది. దారిపక్క దుకాణంలో కొత్తది వేయించాం. అక్కడి కుర్రవాడు పానాకు నిలువెత్తు ఇనుపగొట్టం తొడిగి, దానిమీద నిలబడి, ఊగి మరీ బిగించాడు. "ఇక జన్మలో ఊడదు సార్" అన్నాడు. విరిగిన ముక్క ఏదని నేను అడగలేదు. మిగిలిన స్టడ్లు ఎలా ఉన్నాయని కూడా అడగలేదు. ఎందుకు విరిగిందని మాత్రం అడిగాను. "రోడ్లు సార్" అన్నాడు. నిజమే కాబోలు అనుకొన్నాను.

తరువాత రెండు వారాలపాటు వెనకనుంచి గలగలమని చిన్న చప్పుడు. గిన్నె వదులైందనుకొని పాటల ధ్వని పెంచుకొన్నాం. మూడోవారంలో, చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్ళే దారిలో, గంటకు 45 కిలోమీటర్ల వేగంలో ఉండగా, కారు వెనకభాగం ఒక్కసారిగా కుంగి రోడ్డును గీసుకొంటూ పోయింది. నేను స్టీరింగుతో పెనుగులాడుతుండగా మా చక్రం మమ్మల్ని దాటుకొని ముందుకు వెళ్ళింది. రోడ్డు దిగి, మిరపకాయలు ఎండబెట్టిన కల్లంలోకి దూసుకుపోయి, తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళకు రెండు బారల దూరంలో పడింది. ఒక పెద్దామె నెమ్మదిగా లేచివచ్చి, "ఏందయ్యా, మీకంటే మీ చక్రానికే తొందరెక్కువలా ఉందే" అన్నది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె కూర్చొన్నచోటి పక్కనే గోనెపట్టా మీద ఒక పసిపిల్ల నిద్రపోతున్నది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

చుట్టూ చేరినవారు అక్కడికక్కడే తీర్పు చెప్పారు. సగంమంది రోడ్డన్నారు, సగంమంది పాతబండన్నారు. ఆ రెండు మాటలకూ అప్పుడే నాకు విరక్తి పుట్టింది. కారణం చాలా సులువైనది. అదే రోడ్డుమీద మిగిలిన మూడు చక్రాలూ నడిచాయి. వాటి వయసూ అదే. మూడింటికి పట్టని ఆపద ఒక్కదానికే పట్టిందంటే, ఆ ఒక్కదానిలో ఏదో తేడా ఉండితీరాలి. ఈమాత్రం తర్కం చేయడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు.

ఈ నేలమీద పుట్టినవారికి రోగం గుర్తుపట్టడం చేతకాదని ఎవరూ అనలేరు. మిరపతోటలో ఆకు ముడుచుకొంటే రైతు "నేల అంతే" అని ఊరుకోడు. వంగి చూస్తాడు. అంచులు పైకి ముడుచుకొంటే పైముడత, అది తామరపురుగు పని. కిందికి ముడుచుకొంటే కిందిముడత, అది నల్లి పని. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచేయదు. ఆకు వంపును చూసి పురుగు పేరు చెప్పగలిగిన మనం, విరిగిన ఇనుము ముఖం చూసి కారణం చెప్పలేమా? చెప్పగలం. అయితే ముందు స్టడ్డు చేసే పనేమిటో తెలియాలి.

చక్రం స్టడ్లమీద వేలాడుతుందనీ, బండి బరువంతా ఆ నాలుగైదు కడ్డీలు మోస్తాయనీ చాలామంది అనుకొంటారు. అది పొరపాటు. పాతకాలంలో ఎద్దుబండి చక్రానికి ఇనుపపట్టా వేయడం చూసినవారికి అసలు సంగతి తేలికగా అర్థమవుతుంది. పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు కొయ్యచక్రానికి తొడిగి, నీళ్ళు పోస్తారు. చల్లారి ముడుచుకొన్న పట్టా ఆకులనూ కంపలనూ ఒకదానికొకటి నొక్కిపట్టి ఉంచుతుంది. చక్రాన్ని నిలిపేది ఆ నొక్కుడే. మన స్టడ్డు చేసేదీ సరిగ్గా అదే. నట్టు బిగించినప్పుడు స్టడ్డు వెంట్రుకవాసి సాగుతుంది. సాగినది వెనక్కు ముడుచుకోవాలని చూస్తుంది. ఆ లాగుడుతో చక్రం డ్రమ్ముకు అదుముకొని ఉంటుంది. బండి బరువు, బ్రేకు దెబ్బ, ఇంజను లాగుడు, ఇవన్నీ దాదాపుగా ఆ రెండు ఇనుపముఖాల మధ్య పుట్టే రాపిడి మోస్తుంది.

ఆ బిగువు సరిగా ఉన్నంతకాలం గోతిలో పడినా గట్టెక్కినా స్టడ్డుకు కలిగే మార్పు అతిస్వల్పం. బిగువు తగ్గిందా, కథ మారిపోతుంది. చక్రం డ్రమ్ముమీద కొంచెం కొంచెం జారడం మొదలుపెడుతుంది. అప్పుడు స్టడ్డు కడసీలలాగా బరువును నేరుగా మోయవలసి వస్తుంది. చక్రం ఒకసారి తిరిగితే ఒకసారి అటూ ఇటూ వంగుతుంది. అంబాసిడర్ చక్రం కిలోమీటరుకు ఇంచుమించు 450 నుంచి 500 సార్లు తిరుగుతుంది. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళేసరికి సుమారు 50 వేలసార్లు. సన్నని తీగను అటూ ఇటూ పదిసార్లు వంచి తుంచడం చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇక్కడ వంపు చాలా చిన్నది, లెక్క చాలా పెద్దది. ఫలితం ఒకటే.

కనుక నా వాదం ఇది: మన పాతకార్లలో స్టడ్లు విరగడానికి ప్రధానకారణం బలం చాలకపోవడం కాదు, బిగువు నిలవకపోవడం. బిగువు పోయేది మన చేతులమీదుగా. రోడ్డు ఆ పనిని ముగిస్తుంది, మొదలుపెట్టదు.

దీనికి సాక్ష్యం విరిగిన ముక్కలోనే ఉంటుంది. దాన్ని కిరసనాయిలుతో కడిగి, పగటి వెలుతురులో, చిన్న భూతద్దం పెట్టి చూడండి. తీగబ్రష్షుతో మాత్రం రుద్దకండి, సాక్ష్యం చెరిగిపోతుంది.

మొదటిరకం: విరిగినచోట నడుము సన్నబడి ఉంటుంది. అక్కడ మరల మధ్య ఎడం పెరిగి ఉంటుంది. ముఖం మీద మెలితిప్పిన జాడ కనిపిస్తుంది. ఇది అతిగా బిగించినందువల్ల విరిగినది. ఇటువంటి చక్రంలో విరగకుండా మిగిలిన స్టడ్లకు కొత్తనట్టును చేత్తో తిప్పి చూడండి. కొంతదూరం హాయిగా వెళ్ళి మధ్యలో పట్టేసిందంటే ఆ స్టడ్డు కూడా సాగిపోయిందన్నమాట. ఒకసారి పరిమితి దాటి సాగినది మళ్ళీ మునుపటి స్థితికి రాదు.

రెండోరకం: నడుము సన్నబడదు. ముఖం దాదాపు చదునుగా, నున్నగా ఉంటుంది. దానిమీద వంపుగీతలు కనిపిస్తాయి. వేసవిలో చెరువు తగ్గుతూ పోయినప్పుడు గట్టున మిగిలే నీటిగీతలను తలచుకోండి, అచ్చం అలాగే. చీలిక కొంచెం కొంచెంగా లోపలికి పాకిన జాడలవి. ఒక మూల మాత్రం గరుకుగా ఉంటుంది. చివరికి ఇక ఆగలేక పుటుక్కున తెగినచోటు అది. ఆ గరుకుభాగం చిన్నదైతే స్టడ్డుమీద పడిన భారం తక్కువే, కాని పగులుతోనే చాలాదూరం నడిచిందని అర్థం. పెద్దదైతే భారం ఎక్కువని అర్థం. గీతలు రెండువైపులనుంచీ మొదలైతే స్టడ్డు అటూ ఇటూ వంగిందని, అంటే చక్రం వదులుగా ఊగిందని అర్థం. నున్ననిభాగం తుప్పురంగులో ఉంటే ఆ పగులు నిన్న మొన్నటిది కాదు.

మూడోరకం: గీతలూ లేవు, నడుము సన్నబడడమూ లేదు. ముఖమంతా మెరిసే పలుకులు. ఇది పెళుసుదనం. వెల్డింగు వేడి తగిలినప్పుడో, ఉక్కును గట్టిపరచడంలో పొరపాటు జరిగినప్పుడో ఇలా విరుగుతుంది.

స్టడ్డు ఒక్కదాన్నే అడిగి ఊరుకోకండి. చక్రానికి ఉన్న రంధ్రాలు చూడండి. గుండ్రంగా ఉండవలసినవి కోలగా మారాయా? రంధ్రం లోపలిగోడమీద మరల అచ్చు పడిందా? నట్టు చుట్టూ రంగు చిట్లి, ఎర్రని పొడి చారలుగా కారిందా? ఇవి మూడూ చక్రం జారుతున్నదనడానికి గుర్తులు.

నేను మా డ్రమ్మును ముందేసుకొని కూర్చొన్నాను. విరిగిన మొదళ్ళలో మూడింటి ముఖాలు గోధుమరంగు తుప్పుతో, చెరువుగీతలతో ఉన్నాయి. మిగిలినవి కొత్తగా తెగి తళతళలాడుతున్నాయి. అంటే ఆ మూడూ కల్లం దగ్గరకు రావడానికి చాలాముందే పగిలాయి. గలగల చప్పుడు గిన్నెది కాదు. తెగిపడిన ముక్కలు నట్లతో సహా గిన్నెలో దొర్లిన చప్పుడది. మేము ముచ్చటపడి కొన్న క్రోము గిన్నె, విరిగిన సాక్ష్యాన్ని పదిహేనురోజులు దాచిపెట్టింది. చక్రాన్ని తిప్పి చూస్తే, డ్రమ్ముకు ఆనే ముఖం మీద తెల్లరంగు నలిగి పేలికలుగా లేచి ఉంది. రంగు మెత్తనిది. బిగించినప్పుడు గట్టిగానే ఉంటుంది. నాలుగురోజులు నడిచేసరికి నలిగి పలచబడుతుంది. స్టడ్డు సాగినది వెంట్రుకవాసి. నలిగిన రంగు మందమూ వెంట్రుకవాసి. సాగుడు మొత్తం రంగు మింగేసింది. మొదట విరిగిన స్టడ్డూ అందుకే విరిగి ఉంటుంది. ఆ ముక్క నా దగ్గర ఉంటే ఖాయంగా చెప్పేవాణ్ణి. పారేశాను.

ఇక "ఇనుము గుల్లబారింది" అనే మాట సంగతి. విరిగిన ముఖంలోని పలుకులు చూపించి, కుదుపులకు ఇనుము లోపల పలుకులు కట్టిందని చెబుతారు. ఈ నమ్మకం మన ఆటోనగర్లలో పుట్టినది కాదు, దానికి చాలా పాత చరిత్ర ఉంది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్ళే రైలింజను ఇరుసు విరిగి, ఘోరప్రమాదం జరిగింది. పదులకొద్దీ జనం మరణించారు. దక్షిణధ్రువ సముద్రాలను గాలించివచ్చిన నావికుడు ద్యుమో ద్యుర్విల్ కూడా అందులోనే కుటుంబంతో సహా కాలిపోయాడు. అప్పుడు కూడా చాలామంది ఇనుము కుదుపులకు స్ఫటికాలు కట్టిందనే అన్నారు. మరుసటి ఏడాది విలియం రాంకిన్ అనే యువ ఇంజనీరు విరిగిన ఇరుసులను స్వయంగా పరిశీలించి ఆ మాట తప్పని చూపించాడు. మార్పు ఇనుము గుణంలో రాలేదు, మూలల దగ్గర మొదలైన పగులు కొంచెం కొంచెంగా లోపలికి పెరిగింది అన్నాడు. ఆ తరువాత జర్మనీలో ఔగుస్ట్ వోలర్ రైలు ఇరుసులమీద ఏళ్ళతరబడి పరీక్షలు చేసి, ఒక్కసారికి ఏమీకాని భారం లక్షలసార్లు పడితే విరిచేస్తుందని లెక్కలతో నిరూపించాడు. 1969లో గెర్హార్డ్ యుంకర్, బిగించిన నట్లు ఊడిపోవడానికి ముఖ్యంగా పక్కవాటు జారుడే కారణమని ప్రయోగం ద్వారా చూపించాడు. అంటే మనం 1843లో కొట్టివేసిన వాదాన్ని ఇవాళ్టికీ చక్రాల దుకాణాలలో తీర్పుగా వింటున్నాం. ఇనుములో పలుకులు పుట్టినప్పటినుంచీ ఉంటాయి. విరిగితే కనిపిస్తాయి, అంతే.

బిగువును పోగొట్టే మన చేతిపనులు ఏవి? నాకు తెలిసినవి చెబుతాను.

1. ఆనే ముఖాలమీద రంగు, తుప్పు, మట్టి. పై కథ అదే. చక్రానికి ఎంత రంగైనా వేసుకోండి. డ్రమ్ముకు ఆనేచోటా, నట్టు కూర్చొనే గుంటలోనూ వద్దు.

2. గొట్టం తొడిగిన పానా. చాలా కార్ల చక్రాల నట్లకు తయారీదారులు చెప్పే బిగువు 80 నుంచి 140 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. 60 కిలోల మనిషి మీటరు పొడవు గొట్టం చివర నిలబడితే పడేది 590. ఊగితే ఇంకా ఎక్కువ. గట్టిగా బిగిస్తే మంచిదనే నమ్మకంతోనే స్టడ్డును సాగదీసి చంపుతాం. గాలితో పనిచేసే గన్నుతో ఆపకుండా బిగించడమూ అంతే.

3. మరలకు గ్రీజు. మనం పెట్టే బలంలో ఇంచుమించు పదోవంతే స్టడ్డును సాగదీయడానికి పోతుంది. మిగిలినది నట్టుకింద, మరల మధ్య రాపిడికి ఖర్చవుతుంది. గ్రీజు ఆ రాపిడిని తగ్గిస్తుంది గనుక అదే బిగింపుకు స్టడ్డు చాలా ఎక్కువ సాగుతుంది. కంపెనీ చెప్పిన అంకె పొడిమరలకైతే పొడిగానే బిగించాలి.

4. జత కుదరని నట్టు. చక్రానికి ఏటవాలు గుంట ఉంటే ఏటవాలు నట్టే కావాలి. చదునునట్టు వేస్తే అంచుమీద మాత్రమే ఆని, నాలుగురోజుల్లో వదులవుతుంది. మరలు మరీ ప్రమాదం. పాత ఇంగ్లీషు నమూనాల మరలు అంగుళాల లెక్క, తరువాతివి మిల్లీమీటర్ల లెక్క. అరంగుళం స్టడ్డుకు అంగుళానికి 20 మరలుంటే, మరకూ మరకూ ఎడం 1.27 మిల్లీమీటర్లు. 12 మిల్లీమీటర్ల స్టడ్డుకు ఆ ఎడం 1.25. దాదాపు ఒకటే గనుక అరంగుళం నట్టు 12 మిల్లీమీటర్ల స్టడ్డుమీద చక్కగా ఎక్కుతుంది, బిగిసినట్టే ఉంటుంది. పట్టుకొనేది మాత్రం మరల కొసలనే.

5. ఎడమమర. పాత విల్లీస్ నమూనా జీపులకు ఎడమవైపు చక్రాల స్టడ్లు ఎడమమరవి. చక్రం తిరిగే దిశకు నట్టు సడలకూడదని అలా చేశారు. తెలియనివారు విప్పుతున్నామనుకొని బిగిస్తూ పోతారు, స్టడ్డు మెలితిరిగి తెగుతుంది. చేతికి రాకపోతే గొట్టం తెచ్చేముందు స్టడ్డు మరలు ఎటు వాలాయో ఒకసారి చూడండి.

6. లేతుమీద తీసిన స్టడ్డు, డ్రమ్ముకు వెల్డింగు పెట్టిన స్టడ్డు. బోల్టు తలమీద 8.8 అని ఉంటే అది చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్లదాకా తట్టుకొనే ఉక్కు. బజారులో దొరికే మామూలు కడ్డీ అందులో సగమే. పైగా ఒత్తి తీసిన మరకున్న ఓర్పు కోసి తీసిన మరకు ఉండదు. వెల్డింగైతే ఉక్కు గుణాన్నే చెడగొడుతుంది. గట్టి స్టడ్లకు ముచ్చటకోసం క్రోము పూత వేయించడం కూడా ఇటువంటిదే. పూత సమయంలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పెళుసు చేస్తుంది. పూత తరువాత తగిన వేడిలో ఉంచి దాన్ని వెళ్ళగొట్టకపోతే చూడటానికి అందంగా ఉండి, ఒకనాడు హఠాత్తుగా తెగుతుంది.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. "రోడ్లు బాగున్నాయంటావా?" అని కోపగించుకొనే మిత్రులుంటారు. అనను. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలువారుతుంది. దానిమీద వేసిన రోడ్డు చదునుగా నిలవడం కష్టం. యార్డుకు పోయే మిర్చి టిక్కీలు డిక్కీలో కుక్కి, పైన ఇంకో రెండు కట్టే అలవాటూ మనకు ఉంది. వీటన్నిటివల్ల స్ప్రింగులు కుంగుతాయి, బుష్షులు అరుగుతాయి, టైర్లు పగులుతాయి. బిగువున్న స్టడ్డు మాత్రం అంత తేలికగా విరగదు. రోడ్డును తిట్టడం నేను తప్పనడం లేదు. రోడ్డును తిట్టి నట్టును మరవడం తప్పంటున్నాను. రోడ్డు మన చేతిలో లేదు, పానా ఉంది.

"చదువులేని కుర్రవాళ్ళమీద పడ్డావు" అనే మాట ఇంకొకటి. నేను పడినది వాళ్ళమీద కాదు. ఆ కుర్రవాడికి టార్కు రెంచి ఎవరు కొనిచ్చారు? స్టడ్లన్నీ మార్చాలని అతడు చెబితే మనం ఏమంటాం? "దోచుకొంటున్నాడు" అంటాం. విరిగిన ఒక్కదాని ఖరీదే బేరమాడి, పది నిమిషాలలో పంపించమని తొందరపెట్టేది మనమే. రంగుకు వేలకు వేలు పోసిన చేత్తో స్టడ్ల దగ్గర వందరూపాయలు మిగుల్చుకోవాలని చూసినది నేనే. పాతకార్ల ప్రియులమని చెప్పుకొనే మనలో చాలామంది ప్రేమ క్రోము దగ్గర ఆగిపోతుంది. గిన్నె తీసి చూసే ఓపిక ఉండదు.

విరిగిన దానికి కారణం వెతకకుండా మందు మోతాదు పెంచడం ఎంత చేటో ఈ నేలకు చెప్పనక్కరలేదు. 1980ల మధ్యలో మన పత్తిచేలమీద కొత్తరకం పైరెత్రాయిడ్ మందులను కాయతొలుచు పురుగుకోసం విచ్చలవిడిగా కొట్టారు. మేలుచేసే పురుగులు పోయాయి, తెల్లదోమ విజృంభించింది. దోమ పెరిగిందని మళ్ళీ అదే మందు మరింత కొట్టారు. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిరైతుల ఆత్మహత్యలు దేశమంతా విన్నది. అంతటి విషాదాన్ని ఒక స్టడ్డుతో పోల్చడం నా ఉద్దేశం కాదు. బుద్ధి మాత్రం అదే బుద్ధి. విరిగిందా, ఇంకా గట్టిగా బిగించు. మళ్ళీ విరిగిందా, గొట్టం పొడవు పెంచు. ఆ ఏళ్ళలో మా నాన్నగారికి కూడా పత్తిలో నష్టం వచ్చింది. కారు అమ్మకుండా ఎలా నిలబెట్టుకొన్నారో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఊరు దాటే ప్రతిసారీ గిన్నెలు విప్పి, నాలుగు చక్రాల నట్లకూ పానా పెట్టి చూసేవారు. అది ఆయన చాదస్తమని మేము నవ్వుకొనేవాళ్ళం.

కనుక చేయవలసినది ఇది. స్టడ్డు విరిగితే ముక్కను దాచండి, ముఖం చూడండి. పైన చెప్పిన రెండోరకమైతే ఆ చక్రానికున్న స్టడ్లూ నట్లూ అన్నీ మార్చండి. ఒకటి విరిగినదంటే దాని పని కూడా మిగిలినవి చేశాయి, వాటిలో పగుళ్ళు ఇప్పటికే ఉండవచ్చు. రంధ్రం కోలబడిన చక్రాన్ని వాడకండి. ఆనే ముఖాలు లోహం కనిపించేదాకా శుభ్రం చేయండి. నట్లను ముందు చేత్తో ఎక్కించి, ఒకదాని తరువాత పక్కది కాకుండా ఎదురెదురుగా, రెండుమూడు విడతల్లో, మాన్యువల్లో ఉన్న అంకెకు టార్కు రెంచితో బిగించండి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూడండి. ఈ చివరిది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ఎక్కువగా మనం మరిచేది. చక్రం దగ్గర కొత్త చప్పుడు వినిపిస్తే పాట ఆపండి, బండి ఆపండి.

మా కారు మళ్ళీ నడుస్తున్నది. రంగు గీకించిన చక్రాలతో, గిన్నెలు లేకుండా. చూసినవాళ్ళు బోసిగా ఉందంటున్నారు. ఉండనీయండి, నట్లు కనిపిస్తున్నాయి. ఆ తుప్పుపట్టిన మూడు మొదళ్ళనూ డ్రమ్ములోంచి కొట్టించి, నా బల్లమీద కాగితాలపై బరువుగా పెట్టుకొన్నాను. పోయిన మిరప కోతల్లో అదే దారిన వెళుతూ ఆ కల్లం దగ్గర ఆగాను. పెద్దామె గుర్తుపట్టింది. "ఈసారి చక్రం నీతోనే వచ్చిందా అయ్యా?" అని అడిగింది. వచ్చిందమ్మా అన్నాను. పాప కల్లంలో నడుస్తున్నది.

మీలో ఎవరి దగ్గరైనా విరిగిన స్టడ్డు ఉంటే పారేయకండి. దాని ముఖం ఎలా ఉందో చూసి వ్యాఖ్యలలో రాయండి. నా వాదం తప్పని అది చెబితే, అదీ రాయండి. రోడ్డు సంగతి మాత్రం వద్దు, అది అందరికీ తెలిసిందే.